మా ఆయన సాక్ష్యంలోని మనిషి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మా ఆయన తన కూతుర్ని ఇక ఎప్పటికీ ఎత్తుకోడేమోనని.

భయపడటం నాకు కొత్త కాదు. పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నా చేతులు చల్లబడతాయి. కిందపడ్డ గుండీ ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని గదంతా మోకాళ్ల మీద పాకుతూ వెతికేదాన్ని. "నీ భయాలన్నీ మూటగడితే మోయడానికి ఇంకో మనిషి కావాలే" అనేది మా అత్త. చదువు మధ్యలో ఆగిపోయినదాన్ని, రాయడం సరిగ్గా రాదు. అయినా ఈ భయం గురించి రాయక తప్పడం లేదు.

మా ఆయన దర్జీ. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసేవాడు కాబట్టి మాటలు తక్కువ. సూదులు తీశాక కూడా తక్కువే. పాప ఏడిస్తే మెడలోని కొలతల టేపు తీసి దాని చేతికిచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. మిషను చప్పుడు వింటూ అది అక్కడే నిద్రపోయేది. తాగుడు లేదు. ఇంట్లో గొంతు పెంచింది లేదు. దేవుడి సేవకు వెళ్లాలనుందని చెప్పినప్పుడు కూడా, గుండీ కాజా కుడుతూ తలెత్తకుండానే చెప్పాడు.

"నువ్వేమంటావ్?"

"మరి మిషను?" అన్నాను.

"తీసుకెళ్దాం."

అంతే. తీసుకెళ్లాం.

దైవసేవకుల శిక్షణ పాఠశాల ఒకప్పుడు బట్టల గోదాము. ముందు పెద్ద హాలు, పైకప్పుకు ఇంకా ఇనుప కొక్కేలు వేలాడుతుండేవి. వెనక, పెళ్లయినవాళ్ల కోసం చెక్క పలకలు అడ్డం కట్టిన గదులు. పక్కగదిలో ఎవరైనా దగ్గితే మా గదిలో గిన్నెలు కదిలేవి. వరండా చివర కుళాయి. అక్కడే అందరి బట్టలూ, అందరి కబుర్లూ.

పాఠశాల నడిపే ఆయన్ని అందరూ పెద్దయ్య అంటారు. ఆయన చెడ్డవాడు కాడు, ముందే చెబుతున్నాను. మొదటి రోజు హాల్లో భార్యాపిల్లల్ని కూడా కూర్చోబెట్టి చెప్పాడు.

"పాఠాలకు మార్కులు వేయొచ్చు. మనిషి లోపల ఎంత ఎదిగాడో ఎలా కొలుస్తాం? నేనొక్కణ్ణే కూర్చుని వేస్తే నాకు నచ్చినవాడికి ఎక్కువ వేస్తాను. అది అన్యాయం. పాస్టరు కొడుకునీ జైలు నుంచి వచ్చినవాణ్ణీ ఒకే గీత దగ్గర నిలబెట్టినా అన్యాయమే. కాబట్టి ఎక్కడికి చేరారని అడగం. ఎక్కడ బయలుదేరి ఎంత దూరం వచ్చారో అందరి ఎదుటా చూస్తాం."

వినడానికి ఎంత బాగుందో. నాకైతే కళ్లు చెమ్మగిల్లాయి.

ప్రతి విడత చివర్లో హాలు మధ్యలో ఒక కుర్చీ వేస్తారు. ఒక్కొక్కరే అందులో కూర్చుని ఒకప్పుడు ఏమిటో, ఇప్పుడేమిటో సాక్ష్యం చెప్పాలి. తర్వాత తోటివాళ్లు లేచి ఆ మనిషిలో తాము చూసిన మార్పు చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఉంటే వాళ్లనూ అడుగుతారు. ఎవరు ఎంత దూరం వచ్చారో చివర్లో పెద్దయ్య చెబుతాడు.

మొదటి విడత తాళాలన్న కూర్చున్నాడు. ఒకప్పుడు తాళాలు పగలగొట్టి జైలుకెళ్లిన మనిషి, అందుకే ఆ పేరు. మా పక్కగదే. నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. ఆయన సాక్ష్యం చెబుతుంటే ఒక్కరూ కదల్లేదు. బెల్టుతో భార్యను కొట్టిన సంగతి చెప్పి, పక్కనే ఉన్న ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. హాలంతా స్తోత్రాలు.

తర్వాత మా ఆయన.

"నేను దర్జీని. ఇప్పుడూ దర్జీనే. రోజూ ప్రార్థన చేసుకుంటాను. ముందు కూడా చేసుకునేవాణ్ణి." మెడలోని టేపు సవరించుకున్నాడు. "ఇంకేం లేదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. మెల్లగా అన్నాడు.

"దూరం కనబడటం లేదు నాయనా. ఏదో దాస్తున్నావు, లేదా నీకే తెలియదు. పాపం లేని మనిషి ఉంటాడా? వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే నిన్ను సేవకు పంపలేను. ఇంటికెళ్లి ప్రార్థించుకోవాలి."

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర తాళాలన్న ముఖం కడుక్కుంటూ మా ఆయన్ని ఆటపట్టించాడు.

"ఏం బావా, నీకు పాపాలు కరువయ్యాయా? నా దగ్గర బోలెడున్నాయి, రెండు పట్టుకెళ్లు. వాడేసినవే గానీ గట్టివి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. బకెట్లో నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

రెండో విడత మా ఆయన కుర్చీలో కూర్చుని, తాగేవాణ్ణన్నాడు. ఆకుపచ్చ సీసా అన్నాడు, మిషను కింద గుడ్డపీలికల్లో దాచేవాణ్ణన్నాడు. నేను పాపను ఎత్తుకుని వెనక వరసలో కూర్చున్నాను. ఎవరి గురించి చెబుతున్నాడో ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత నా గురించి చెప్పాడు. తాగొచ్చి నన్ను కొట్టేవాడట. బెల్టుతో. ఒకసారి వానలో బయటకు నెట్టి గడియ పెట్టాడట.

హాలంతా స్తోత్రాలు. పెద్దయ్య వచ్చి కౌగలించుకున్నాడు. "ఇంతకాలం ఇది మోస్తున్నావా నాయనా!"

గదికొచ్చాక తలుపేసి అడిగాను. "మీరెప్పుడు కొట్టారండీ నన్ను?"

"కొట్టలేదు."

"మరి?"

"వాళ్లకు దూరం కావాలిగా."

"దూరం కావాలంటే నన్ను కొట్టాలా?"

"మాటల్లోనేగా," అన్నాడు. నా వైపు చూడలేదు. "పంపించేశారంటే ఏ ముఖంతో వెళ్తాం? ఒక్కసారికేగా. అయిపోయింది, వదిలెయ్."

ఒక్కసారితో అయిపోలేదు. ఆ సాక్ష్యం బాగుందని పెద్దయ్య ఆయన్ని బయట చర్చి సంఘాలకు పంపడం మొదలుపెట్టాడు. వెళ్లే ముందు సాయంత్రాలు చెక్క పలక అవతల, తాళాలన్న గది ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కడే నిలబడి చెప్పుకునేవాడు. నేను ఇవతల పాపకు అన్నం పెడుతూ వినేదాన్ని. గొంతు ఆయనదే. కానీ ఆ గొంతులో ఆయనకు రాని విసురు ఉండేది. "నోర్మూసుకో" అనేది ఆ గొంతు. ఎవర్ననేదో నాకు తెలుసు. నన్నే. పాప ముద్ద నమలడం ఆపి పలకకేసి చూసేది.

ప్రతిసారీ సాక్ష్యంలోని ఆ మనిషికి ఇంకొంచెం ఒళ్లు పట్టేది. మొదట సీసా ఒక్కటే. తర్వాత సీసా మూత తీసే చప్పుడు. తర్వాత బెల్టు బకిలు ఎటువైపు తిప్పి పట్టుకునేవాడో అది. తర్వాత, పాప ఏడ్చిన రోజు.

వరండాలో ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఒకరోజు పెద్దయ్య భార్య, అమ్మగారు, నా మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. అక్కడ కాలిన మచ్చ ఉంది.

"ఇస్త్రీపెట్టె అంటుకుందమ్మగారూ," అన్నాను.

"అందరం అలాగే చెబుతాం తల్లీ," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. ఆ కన్నీళ్లు నా కోసం కాదు, ఆవిడ సొంత గతానివని అనిపించింది. ఇక నేను నోరు తెరవలేకపోయాను.

తర్వాత నాకు ఒక వింత మొదలైంది. వాన పడితే వణుకొచ్చేది. తలుపు గడియ చూస్తే, నేను దాని అవతల తడుస్తూ నిలబడినట్టు, పాప లోపల ఏడుస్తున్నట్టు గుర్తొచ్చేది. జరగలేదని తెలుసు. అయినా పాదాల కింద ఆ బురద చల్లదనం కూడా గుర్తొచ్చేది. ఏదైనా అన్నిసార్లు విన్నాక అది చెవి దగ్గరే ఆగుతుందా?

మా ఆయన నడక కూడా మారింది. సాయంత్రం వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తే, వచ్చేది ఈయనా, ఆ ఇంకో మనిషా అని చెవులు రిక్కించేదాన్ని. తలుపు తెరుచుకున్నాక ఈయన ముఖమే కనబడేది. ఊపిరి పీల్చుకునేదాన్ని. ఊపిరి బిగబట్టినట్టు అప్పుడే తెలిసేది.

ఒక మధ్యాహ్నం నేను నేల మీద కూర్చుని పాపకు జుట్టు దువ్వుతున్నాను. పై అరలో ఉన్న దారపు ఉండ కోసం ఆయన నా తల మీదుగా చెయ్యెత్తాడు. అంతే. నేను పాపను పొట్టకు అదుముకుని గోడకు జరిగిపోయాను. తల వంగిపోయింది. మోచెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు. ఉలిక్కిపడ్డాను."

"నన్ను చూసా?"

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఆయన చెయ్యి దించి, దాన్ని ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు. దారపు ఉండ తీసుకోలేదు. ఆ రోజు నుంచి పాప చేతులు చాచితే ఆయన వెనక్కి జరిగేవాడు. "ఇప్పుడు కాదు తల్లీ," అనేవాడు. భోంచేసేటప్పుడు తప్ప ఆ కుడిచెయ్యి జేబులోనే.

ఆఖరి విడత వచ్చింది. హాలు మధ్యలో కుర్చీ. మా ఆయన సాక్ష్యం అయ్యాక పెద్దయ్య నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇంట్లో మనిషివి. న్యాయంగా చెప్పాలంటే అందరికంటే నువ్వే చెప్పాలి. ఏం మార్పు చూశావు?"

లేచాను. పాప నా భుజం మీద నిద్రపోతోంది. సేవ పోతే పోయింది, గది పోతే పోయింది, నాకు నా మనిషి కావాలి అనుకున్నాను.

"ఈయన నన్ను ఎప్పుడూ కొట్టలేదండి," అన్నాను. "ఎప్పుడూ తాగలేదు. మీరు దూరం అడిగారు, ఈయన దగ్గర లేదు. అందుకని కల్పించాడు. వచ్చిన రోజున ఎలా ఉన్నాడో ముందు నుంచీ అలాగే మంచివాడండి. ఇప్పుడే... ఇప్పుడే బాగాలేడు."

అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దయ్య ముఖం నల్లబడింది. ఆయన నిజంగా కంగారుపడ్డాడు, నేను చూశాను.

"నాయనా, ఇదేంటి? నిజం చెప్పు."

మా ఆయన కుర్చీలోంచి నా వైపు చూశాడు. ఎంత జాలిగా చూశాడో.

"ఆమె నన్ను కాపాడాలని చూస్తోందయ్యగారూ," అన్నాడు. "భయం. ఇప్పటికీ భయమే. మొన్న అర మీద దారం కోసం చెయ్యెత్తితే పాపను పట్టుకుని గోడకు జరిగిపోయింది. అడగండి, కాదంటుందేమో."

"అది... ఏవండీ, అది మీరు చెప్పీ చెప్పీ..."

"జరిగావా, జరగలేదా?"

"జరిగాను. కానీ..."

ఆ "కానీ" తర్వాత నా మాట ఎవరికీ వినబడలేదు. ఒక్కొక్కరే లేచారు. భర్త తప్పును ఇంతగా కప్పే భార్య అన్నారు. తన తప్పును ఇంతగా ఒప్పుకునే భర్త అన్నారు. పెద్దయ్య కళ్లు తుడుచుకుంటూ, ఇంత దూరం వచ్చిన మనిషిని తాను ఈ హాల్లో చూడలేదన్నాడు. అబద్ధమాడలేదు. నిజంగానే మా ఆయన చాలా దూరం వెళ్లిపోయాడు.

తాళాలన్న ఒక్కడే లేవలేదు. తర్వాత కుళాయి దగ్గర నా బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ బెల్టు నాది. ఆ వాన కూడా నాదే. మీ ఆయన ఒకరోజు వచ్చి అడిగాడు, నవ్వులాటకేమో అనుకుని చెప్పాను." బకెట్టు కింద పెట్టాడు. "పెద్దయ్యకూ చెప్పాను. తమ్ముడి మీద ప్రేమతో నీ మీద వేసుకుంటున్నావన్నాడు. నన్నే మెచ్చుకున్నాడు."

సేవకు పంపే రోజున మా ఆయన ఒక్క సంచీ సర్దుకున్నాడు. మిషను నాకు వదిలేశాడు.

"మేమూ వస్తాం," అన్నాను.

"వద్దు. నేను పూర్తిగా మారానని నాకు నమ్మకం కుదిరాక పిలుస్తాను."

"మీరు దేన్నుంచి మారాలండీ?"

సంచీ భుజాన వేసుకున్నాడు. పాప గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచింది. ఆయన వంగాడు, సగం దాకా వంగాడు. తర్వాత కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మెడలోని టేపు తీసి పాప పక్కన నేల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఏ సంఘానికి పంపారో మొదట్లో తెలిసేది. ఇప్పుడు ఒకచోట ఉండటం లేదట. సాక్ష్యం బాగుందని ఒకరి దగ్గర నుంచి ఒకరు పిలుస్తున్నారట. ఆయన జాబుల్లో డబ్బు ఉంటుంది, పాప ఎలా ఉందని ఉంటుంది, ఊరి పేరు ఉండదు. నేను మళ్లీ మా అత్త దగ్గరే ఉండి జాకెట్లు కుడుతున్నాను. ఆవిడ నా భయాల మూట గురించి ఇప్పుడు హాస్యమాడటం లేదు. మిషను తొక్కుతుంటే పాప వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. టేపు దాని మెడలోనే ఉంటుంది.

మీరు సంఘానికి వెళ్లేవాళ్లయితే ఒక సహాయం చేయండి. సన్నటి మనిషి, మాటలు తక్కువ, వేళ్ల చివర సూది గుచ్చిన మచ్చలు, ఎదుటివాళ్ల భుజాలను చూపుతోనే కొలిచే అలవాటు. భార్యను కొట్టేవాణ్ణని సాక్ష్యం చెబుతాడు. చెప్పినంతసేపూ కుడిచెయ్యి జేబులోంచి తీయడు. అందరూ స్తోత్రాలు చెప్పి వెళ్లిపోయాక, దయచేసి మీరొక్కరు ఆగండి. తిన్నాడో లేదో అడగండి. మీ దగ్గర చంటిబిడ్డ ఉంటే, భయపడకుండా, ఆయన చేతుల్లో పెట్టి చూడండి. తీసుకుంటాడో, వెనక్కి జరుగుతాడో చూసి నాకొక్క మాట చెప్పండి.