ఇరవై మూడో భాగంలో చెల్లెలు

టీవీ సీరియల్ ఇరవై మూడో భాగంలో ప్రకటనలకు ముందు ఐసు ఫ్యాక్టరీలో తాళ్లతో కట్టేసి ఉన్న హీరో ఉక్కుగద్ద, ప్రకటనలు అయ్యాక మంత్రిగారింట్లో కాఫీ తాగుతూ కనిపిస్తాడు. మధ్యలో ఎలా బయటపడ్డాడో ఎవరూ చూపించలేదు. కాబట్టి అతను బయటపడలేదు. త్రిపురసుందరి ఇంట్లో, ఫ్రిజ్‌లో ఉన్నాడు.

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీసినప్పుడు ఆవిడ చూస్తుంది. కూరగాయల అర మీద తాళ్ల కట్లతోనే కాళ్లు ముడుచుకుని, రెక్కల కోటు పెరుగు గిన్నెలో పడకుండా ఒళ్లోకి లాక్కుని కూర్చుని ఉంటాడు. కళ్లకి ముసుగు, ముక్కు మీద మంచు.

"తలుపు వేసెయ్యండి, కరెంటు దండగ," అంటాడు. పెదవులు ముందు కదులుతాయి, మాట కాస్త వెనకాల వస్తుంది.

"బయటికి రాకూడదూ? అక్కడ నా కొత్తిమీర ఉంది."

"ఎలా వచ్చానో ఎవరైనా చెబితే వస్తాను. చెప్పకుండా వచ్చేస్తే జనం నవ్వుతారు."

అదీ నిజమే అనుకుని ఆవిడ పాల ప్యాకెట్ తీసుకుని తలుపు వేస్తుంది.

త్రిపురసుందరి డబ్బింగ్ మాటల రచయిత్రి. మద్రాసులో, వడపళనిలో ఒక్కతే ఉంటుంది. ఎక్కడో సముద్రాల అవతల తీసిన ఈ సీరియల్ ముప్పై ఏళ్ల కిందట తెలుగులోకి వచ్చినప్పుడు అందులో ప్రతి ముక్కా ఆవిడే రాసింది. తెర మీద పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటివి పడాలి. తెరుచుకున్న చోట ఏ అక్షరమైనా సర్దుకుంటుంది. అర్థం సంగతి ఆ తరవాత, తీరికుంటే చూసుకోవచ్చు.

కాఫీ కలుపుతూ ఉండగా ఛానల్ నుంచి సుదర్శనరాజు ఫోన్ చేస్తాడు. పాత సీరియళ్లు మళ్లీ వేయించే పని అతనిది.

"అమ్మా, ఇవాళ సాయంత్రం ఉక్కుగద్ద ఇరవై మూడో భాగం వేస్తున్నాం. దాని మీద జనం అప్పట్నుంచీ ఒకటే వేళాకోళం. ఆ విలన్ డాక్టర్ చీకటి, హీరోని బావా అంటాడేంటమ్మా? ముందు భాగాల్లో లేదు, తరవాతా లేదు."

"అక్కడ పెదవులు కలిశాయి రాజుగారూ. ఎకసెక్కంగా ఉంటుందని బావా అని పడేశాను."

"ఎకసెక్కం అనుకుందాం. వెంటనే ఇంకోటన్నాడే, 'మీ చెల్లెలు నీ మీద బెంగ పెట్టుకుంది' అని?"

"అక్కడ ఇంకా ఎక్కువ కలిశాయి."

"లేని చెల్లెల్ని తెచ్చిపెట్టారు తల్లీ. మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లి ఆ రెండు ముక్కలూ మార్చెయ్యండి. చెల్లెలు ఉండకూడదు, అంతే."

"సరేనండి," అంటుంది. ఎవరికైనా ఎదురు చెప్పడం ఆవిడ వల్ల కాదు. ఊళ్లో అందరి నోటా మాటలు పెట్టిన మనిషి, తన నోట్లోంచి మాత్రం ఎప్పుడూ సరేనండి దాటి రాలేదు.

ఫోన్ పెట్టేసేసరికి వంటింట్లో పోపు వాసన వస్తూ ఉంటుంది. వెళ్లి చూస్తే నీలం చీర కట్టుకున్న ఒకావిడ మజ్జిగ పులుసు కాస్తోంది. వెనక నుంచి పొడుగాటి జడ కనిపిస్తుంది. త్రిపురసుందరి ఎడమ పక్క నుంచి వెళ్లి చూస్తుంది, జడే. కుడి పక్క నుంచీ జడే. స్టవ్‌కీ ఆవిడకీ మధ్యలో దూరి మరీ చూస్తుంది. అక్కడా జడే ఉంటుంది.

"ముఖం ఎవరూ తియ్యలేదండి," అంటుంది ఆవిడ. "ఒక్క ముక్క చెప్పి వదిలేశారు."

"ఎవరమ్మా నువ్వు?"

"ఉక్కుగద్ద చెల్లెల్ని. డాక్టర్ చీకటి భార్యని. మీరే రాశారు కదా."

"పేరు?"

"పెట్టలేదు."

"మరి ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావు?"

"బెంగ పెట్టుకున్నాను," అంటుంది, గరిటె తిప్పుతూ. "అదొక్కటే రాశారు నాకు. అన్నయ్యని ఐసులో కట్టేశారు. మా ఆయన కొండ మీంచి పడ్డాడు, పడ్డ చోటు చూపించలేదు. ఉన్నాడో పోయాడో నాకే తెలీదు. బెంగ మానేద్దామంటే, మానేసిందని మీరు రాయాలి."

త్రిపురసుందరికి గుర్తొస్తుంది. ఆ రోజు కాఫీ చల్లారిపోతోందని తొందరలో రాసిన ముక్క అది.

"కూర్చోమ్మా. కాస్త కాఫీ తాగు."

"అలాగేనమ్మా."

"అమ్మా అని పిలవకు, ఏదోలా ఉంది. అక్కా అను. అక్కా అంటే పెదవులు కలవవు, ఎక్కడైనా సరిపోతుంది."

"అక్కా," అంటుంది ఆవిడ, జడ ఊగుతుంది. త్రిపురసుందరిని ఆ పిలుపు పిలిచినవాళ్లు ఇదివరకు ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక, ఉన్న చక్కెర అంతా ఆ కాఫీలోనే వేసేస్తుంది.

ఇంతలో వీధి తలుపులోంచి గోధుమ రంగు కుక్క ఒకటి లోపలికి వస్తుంది. ఐసు ఫ్యాక్టరీ సీనులో లోపలికి వచ్చిన కుక్క. అది బయటికి వెళ్లడం ఆ భాగంలో ఎక్కడా లేదు. కాసేపటికి మళ్లీ లోపలికి వస్తుంది.

మధ్యాహ్నం లోపు కొత్త మాటలు రాయాలి. త్రిపురసుందరి బల్ల ముందు కూర్చుని పెదవులు గుర్తుచేసుకుంటుంది. 'బావా' తీసేసి 'పాపీ' అని పెడుతుంది. తరవాతి ముక్కకి 'పాపం పండింది, పైకి పోదువుగాని' అని రాసి, పైకి చదివి చూసుకుంటుంది. అతికినట్టు సరిపోతుంది.

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు. పరుగున వెళితే నీలం చీర సగానికి సగం మాసిపోయి, దాని వెనకాల ఉన్న పోపుల డబ్బా కనిపిస్తోంది. జడ చివర కుచ్చులు లేవు.

"చలేస్తోందక్కా," అంటుంది ఆవిడ.

త్రిపురసుందరి గబగబా 'బావా, బావా, బావా' అంటుంది. చీర మళ్లీ నీలంగా చిక్కబడుతుంది. కుచ్చులు తిరిగొస్తాయి. ఆవిడ వంగి గరిటె తీసుకుని కడుగుతుంది.

మాట మారిస్తే ఈ మనిషి ఉండదు. మార్చకపోతే రాజుగారు ఊరుకోరు. త్రిపురసుందరి చెప్పులు వేసుకుంటుంది.

ఇంటికీ స్టూడియోకీ మధ్య రెండు వీధులే, కానీ ఇప్పుడు అక్కడ ప్రకటనలు వస్తున్నాయి. మలుపు దగ్గర ఒక కుటుంబం తెల్లటి బట్టలు పైకెత్తి పట్టుకుని ఆవిడ దాటేదాకా నవ్వుతూ నిలబడుతుంది. ఆ తరవాత ఒక అమ్మాయి జుట్టు విదిలిస్తుంది. ఆ జుట్టు దాటడానికి చాలాసేపు పడుతుంది. వీధి చివర పళ్లపొడి ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

"తొందర్లో ఉన్నాను నాయనా."

"మేం అయిపోతేనే కదమ్మా మిగతా కథ," అంటాడు, నొచ్చుకుంటూ. ఆవిడ ఒక పొట్లం తీసుకుంటుంది. వీధి పొట్టిదైపోయి స్టూడియో వచ్చేస్తుంది.

సౌండ్ ఇంజనీరు జయశీలన్ అప్పటికే బొమ్మ వేసి కూర్చున్నాడు. ఆయనది తమిళం, తెలుగు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు.

"ఒకసారి చూడండమ్మా. నిన్న చూసినప్పుడు బాగానే ఉండె."

తెర మీద మంత్రిగారిల్లు. మంత్రిగారు ఖాళీ సోఫాతో మాట్లాడుతున్నాడు. కాఫీ కప్పు దానంతట అదే లేచి, వంగి, మళ్లీ సాసర్లో దిగుతోంది.

"హీరో ఏడీ?"

"మా ఫ్రిజ్‌లో ఉన్నాడయ్యా. ఎలా తప్పించుకున్నాడో తెలిస్తేగానీ రాడట."

"అదీ న్యాయమే," అంటాడు జయశీలన్. "బావా ముక్క మార్చేద్దామా?"

త్రిపురసుందరి కుర్చీ ముందుకి జరుపుకుంటుంది. తెర మీద మంత్రిగారు ఇప్పుడు కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీ దగ్గర ఎవరూ లేరు, కర్టెన్ మాత్రం ఊగుతోంది. ఆవిడకి ఆ షాటు బాగా గుర్తుంది. ఉక్కుగద్ద మనకి వీపు తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరికే నిలబడతాడు, వెనకాల వయొలిన్ వస్తుంది. డబ్బింగ్ రాసేవాళ్లకి వీపు షాటంటే పండగ. పెదవులు కనపడవు కాబట్టి ఏమైనా చెప్పించుకోవచ్చు, ఎంతైనా చెప్పించుకోవచ్చు. కథలో అర్థంకానివన్నీ అక్కడే కుక్కుతారు. ఈ వీపుని ముప్పై ఏళ్లుగా ఎవరూ వాడుకోలేదు.

"జయశీలన్, బావా అలాగే ఉండనీ. ఇక్కడ ఒక మాట పెడదాం."

"గొంతు ఇచ్చినాయన పోయారు కదమ్మా."

ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తుంది. ఫోన్ ఫ్రిజ్ పక్కనే ఉంటుంది. చాలాసేపు మోగాక తలుపు తెరుచుకున్న చప్పుడు వస్తుంది. ఎవరో రిసీవరు అతని చెవి దగ్గర పెట్టినట్టున్నారు.

"ఉక్కుగద్దని మాట్లాడుతున్నాను."

"నాయనా, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. 'మా చెల్లెలు సౌదామిని వచ్చి కట్లు విప్పింది. బావని కూడా భోజనానికి తీసుకొస్తానంది.'"

పెదవుల కొలత లేదు కాబట్టి పేరు ఆవిడ తనకి నచ్చింది పెట్టుకుంటుంది.

 అవతల ఫ్రిజ్ గురగుర వినిపిస్తుంది.

"నాకు చెల్లెలుందా?"

"నీ చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నది ఎవరనుకున్నావు?"

"అటు తిరిగి ఉంటే పనిమనిషి అనుకున్నాను. నా కోసం ఏం చేస్తోంది పాపం?"

"బెంగ పెట్టుకుంది. ముప్పై ఏళ్ల నుంచీ."

"నా మీదా?" అంటాడు ఉక్కుగద్ద. రైళ్లని ఒంటి చేత్తో ఆపిన మనిషి. "నేను ఊళ్లన్నీ కాపాడాను గానీ, నా మీద బెంగ పెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరండి."

ఆ తరవాత అతను మాట చెబుతాడు. గొంతు వణుకుతుంది.

"కొంచెం చలిగా వినిపిస్తా ఉంది," అంటాడు జయశీలన్.

"ఐసు ఫ్యాక్టరీలోంచే కదా వచ్చాడు. ఉండనీ."

తెర మీద కిటికీ దగ్గర ముందు రెక్కల కోటు, తరవాత భుజాలు, చివరికి తల నిండుతాయి. కోటు చివర్ల నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. కాఫీ కప్పు మరి లేవదు.

రాజుగారికి జయశీలనే ఫోన్‌లో వినిపిస్తాడు. 

"చెల్లెలు ఉండకూడదన్నాను కదమ్మా," అంటాడు రాజు అంతా విని.

"అదీ..." అంటుంది త్రిపురసుందరి. సరేనండి గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. "చెల్లెలు లేకపోతే హీరో లేడు రాజుగారూ."

"అయితే ఉండనివ్వండి," అంటాడు రాజు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ ముందు తాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. ఉక్కుగద్ద కుర్చీలో కూర్చుని తువ్వాలుతో రెక్కలు తుడుచుకుంటున్నాడు. కొత్తిమీర అతని భుజం మీద ఉంది. కుక్క లోపలికి వస్తుంది. దాని వెనకాలే నల్ల కోటు, నల్ల కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన కుంటుకుంటూ వస్తాడు. జుట్టునిండా కొండరాళ్ల దుమ్ము, చేతిలో బత్తాయిల సంచి.

"ఆలస్యమైంది బావా," అంటాడు డాక్టర్ చీకటి. "ఎక్కడ పడ్డానో చూపించలేదు. అందుకని దారి తెలీలేదు."

"రా బావా, కాళ్లు కడుక్కో," అంటాడు ఉక్కుగద్ద.

వంటింటి గుమ్మంలో జడ ఆగిపోతుంది. తరవాత మెల్లగా ఇటు తిరుగుతుంది. సౌదామిని ముఖం చాలా మామూలు ముఖం, గడ్డం మీద చిన్న మచ్చ. కళ్లనిండా నీళ్లు, ఆ నీళ్లు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా సరిగ్గా సమయానికి వస్తాయి. ఆవిడ మొగుణ్ణి చూసి, అన్నని చూసి, అందరికీ కంచాలు పెడుతుంది.

భోజనాలు అవుతుండగా సౌదామిని మెల్లగా చెబుతుంది. "ఈ భాగం అయిపోతే వెళ్లిపోతామక్కా. ఇరవై నాలుగులో ఈ భోజనం లేదు. చివర పేర్లు మొదలయ్యేలోపు లేవాలి."

"సరే..." అంటుంది త్రిపురసుందరి. సరే కాదని ఆవిడకి తెలుసు. రోజూ వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలోంచే నాలుగు మెతుకులు తిని పడుకుంటుంది ఆవిడ. ఇవాళ బల్ల చుట్టూ ఇంతమంది. ఉండమని అడగాలని ఉంది, వాళ్ల ముఖాలు చూస్తూ నోరు పెగలదు. అటు పక్కవాటాలో టీవీ మీద వయొలిన్ వినబడుతోంది. పేర్లు ఇంకో నిమిషంలో వచ్చేస్తాయి.

ఆవిడ లేచి, బల్లకి వీపు తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడుతుంది.

పెదవులు కదపదు. మాట మాత్రం ఆవిడ గొంతులోనే, గదంతా స్పష్టంగా వినిపిస్తుంది. "ఎక్కడికీ వెళ్లొద్దు. నాకెవరూ లేరు. ఇక్కడే ఉండిపోండి."

పక్కవాటాలో ముసలాయన భార్యని అడుగుతున్నాడు. "ఈవిడెవరే? ముందు భాగాల్లో ఎక్కడా లేదే. కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది చూడు."

"ఏమోనండి. చెల్లెలి చేత అక్కా అనిపించుకుంటోంది. ఈ భాగం రాసిన వాళ్లకి మతి లేదు."

త్రిపురసుందరికి నవ్వొస్తుంది. వీపు షాటు కాబట్టి ఆ నవ్వు ఎవరికీ చూపించక్కర్లేదు. వీపు మీద పేర్లు మొదలవుతాయి. జాకెట్టు అంచు దగ్గర పుట్టి, వెన్ను మీదుగా మెడదాకా పాకి, చక్కిలిగింతలు పెట్టి, కిటికీలోంచి ఆకాశంలోకి వెళ్లిపోతూ ఉంటాయి. ఎవరూ లేవరు. వెనకాల ఇంకో కంచం పెట్టిన చప్పుడు వినిపిస్తుంది.

"కూర్చో అక్కా, చల్లారిపోతుంది," అంటుంది సౌదామిని.

త్రిపురసుందరి కూర్చుని తింటుంది. పేర్లతోపాటు ఇల్లు కూడా నేలని వదిలి మెల్లగా పైకి లేస్తుంది. వడపళని దీపాలు, టీవీల వెలుతురు కిందికి దిగిపోతాయి. మజ్జిగ పులుసు ఒలక్కుండా ఉక్కుగద్ద గిన్నె పట్టుకుంటాడు, డాక్టర్ చీకటి బత్తాయిలు ఒలుస్తాడు. మబ్బుల్లోంచి, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి, తడిసిన కుక్క లోపలికి వస్తుంది.