తెర మూలన డోలక్

బసవేశ్వరరావు గారు పొద్దుటినుంచి రెండుసార్లు చొక్కా మార్చారు. చివరికి గంధం రంగు జుబ్బా ఒకటి తొడుక్కుని సోఫాలో సర్దుకుని కూర్చున్నారు.

"ఈ వెలుతురు చాలా అమ్మాయ్? మా రోజుల్లో మొహానికి ఇంత రంగు పులిమి, లైట్ల కింద వేయించేవాళ్ళు," అన్నారు.

"చాలండి బాబాయిగారూ," అంది గీతిక. ల్యాప్‌టాప్ వైరు టీవీకి తగిలించింది.

తెనాలిలో ఆ ఇల్లు తెలియనివాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళ కిందట టీవీలో 'ఆటపాటల ఆదివారం' అని ఒక కార్యక్రమం వచ్చేది. పాటలు, మధ్యలో మిమిక్రీ, హాస్యం స్కిట్లు. అది మొదలయ్యే వేళకి వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు. దాన్ని నడిపిందీ, అందులో సగం పాటలు కట్టి పాడిందీ బసవేశ్వరరావు గారే. కొలకలూరులో ఉన్న పొలం తమ్ముడికి అప్పజెప్పి, పాట కోసం తెనాలి వచ్చి ట్రూపు పెట్టిన మనిషి.

గీతిక, ఆమె స్నేహితుడు ఫణి బాపట్లలో ఒక గది తీసుకుని యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నారు. పాతకాలం కళాకారుల్ని వాళ్ళ కార్యక్రమాల ముందే కూర్చోబెట్టి, అవి చూస్తుంటే వాళ్ళ మొహాల్లో ఏం కదులుతుందో తీయడం వాళ్ళ పని. జనానికి నచ్చింది. బసవేశ్వరరావు గారు కూడా అడగ్గానే ఒప్పుకున్నారు. ఏ భాగం చూడాలో మాత్రం గీతికే ఎంచింది. ఎందుకు ఎంచిందో ఫణికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ భాగంలో, తెర కుడివైపు మూలన, డోలక్ ముందు కూర్చున్న కుర్రవాడు ఆమె తండ్రి సంజీవరావు.

కిందటేడు ఎవరో ఆ పాత టేపులన్నీ నెట్‌లో పెట్టేదాకా, నాన్న డోలక్ వాయిస్తాడని కూడా గీతికకి తెలియదు. రేపల్లెలో మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషిగానే తెలుసు. తెరమీద ఆ మొహం చూసి అమ్మ కుమారిని నిలదీస్తే అప్పుడు చెప్పింది. ట్రూపులో అందరూ అతన్ని బాపట్ల సంజీవి అనేవారట. అసలు ఊరు స్టూవర్టుపురం. దొంగల ఊరని ముద్ర పడ్డ ఆ పేరు చెబితే ఎవరూ వాయిద్యం చేతికివ్వరేమోనని భయపడి, పక్కనున్న బాపట్ల పేరు చెప్పుకున్నాడు. ఒక ఆదివారం ఆ ఊరి మీదే పాట వచ్చింది. దానికి డోలక్ వాయించి, ఆ మర్నాడే ట్రూపు వదిలేశాడు. మళ్ళీ డోలక్ ముట్టలేదు.

"మొదలెడదామా?" అన్నాడు ఫణి కెమెరా వెనకనుంచి.

బసవేశ్వరరావు గారి భార్య మాణిక్యాంబ కాఫీ గ్లాసులు బల్లమీద పెట్టి భర్త పక్కన కూర్చుంది. కొడుకు వెంకట్ ధాన్యం కొట్టుకి వెళ్ళబోతూ, చూసి పోదామని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

తెరమీద నల్లని జుట్టుతో బసవేశ్వరరావు గారు చేతులు చాపుకుంటూ వచ్చారు. మాణిక్యాంబ మొహం వెలిగిపోయింది. "ఆ కోటు నేనే కుట్టించాను," అంది.

మొదటి పాట అందరూ నవ్వుతూనే విన్నారు. తరవాత లావుపాటి గాయని ఒకావిడ వచ్చింది. "స్టేజీ జాగ్రత్త, కింద జాకీలు పెట్టండి," అన్నారు తెరమీది బసవేశ్వరరావు గారు. జనం విరగబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, మైకు పట్టుకుని ఒక్క క్షణం తలొంచుకుంది. ఇంకో పాట మధ్యలో ఒక కుర్ర గాయని జడ పట్టి లాగారాయన. ఆ పిల్ల శ్రుతి తప్పింది. దానికీ నవ్వులే.

సోఫాలో మాణిక్యాంబ కదిలింది. "వీటికి మనం పగలబడి నవ్వామా అప్పుడు?"

"అప్పుడు అట్లాగే ఉండేది," అన్నారాయన. నవ్వబోయారు గానీ నవ్వు సగంలోనే ఆగింది. "ఇప్పుడు చూస్తే కాస్త మోటుగా ఉందిలే."

గీతిక తలూపింది. తరవాతి పాట ఏదో ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఇప్పుడే ఆపేసి, కరెంటు పోయిందనో, కార్డు నిండిందనో చెప్పి వెళ్ళిపోవచ్చు. ఫణి కళ్ళతోనే అడిగాడు. ఆమె ఆపలేదు.

తెరమీద అట్టతో చేసిన రైలుపెట్టె వచ్చింది. ప్రయాణికుల వేషాల్లో ఆరేడుగురు కూర్చున్నారు. డోలక్ మొదలైంది.

"ఇది బ్రహ్మాండంగా పేలిన పాటమ్మా," అన్నారు బసవేశ్వరరావు గారు. మళ్ళీ హుషారు వచ్చేసింది. ముందుకు వంగి, తొడమీద తాళం వేస్తూ, తెరమీది తన గొంతుతో గొంతు కలిపారు. "జేబు తడుముకో బావా, గాజులు దాచుకో మరదలా, వస్తోందయ్యా స్టూవర్టుపురం..."

మంకీ టోపీలు పెట్టుకుని, మొహాలకు మసి పూసుకున్న ఇద్దరు పెట్టెలోకి దూకారు. చెంబులు, చెప్పులు, చివరికి నిద్రపోతున్న ముసలాయన పళ్ళసెట్టు కూడా ఎత్తుకుపోయారు. పాట పొడుగునా జనం ఈలలు. గుమ్మం దగ్గర వెంకట్ కూడా నవ్వాడు. "చిన్నప్పుడు బళ్ళో ఇదే పాడేవాళ్ళం," అన్నాడు.

పాట అయిపోయింది. బసవేశ్వరరావు గారు ఆయాసపడుతూ వెనక్కి వాలి, గీతిక మొహం చూశారు.

"నీకు నవ్వు రాలేదేంటమ్మా?"

"మాది స్టూవర్టుపురమండి."

మాణిక్యాంబ చెయ్యి తెలియకుండానే పమిట చెంగున కట్టుకున్న తాళాల మీదికి పోయి, మళ్ళీ ఒళ్ళో పడింది. గీతిక అది చూసింది. తను చూసినట్టు మాణిక్యాంబకు కూడా తెలిసింది. ఆవిడ మొహం పాలిపోయింది.

ముందు తేరుకున్నది వెంకట్. "ముందే చెప్పాలి కదండీ ఆ మాట. ఇంట్లో కూర్చోబెట్టి కాఫీలిస్తే, మా నాన్నని ఇరికించడానికి వచ్చారా? కెమెరా ఆపండి. ఆ కార్డు ఇలా ఇవ్వండి."

ఫణి కెమెరా మీద చెయ్యి వేశాడు గానీ కార్డు తీయలేదు. వెంకట్ రెండడుగులు ముందుకు వేశాడు.

"ఆగరా," అన్నారు బసవేశ్వరరావు గారు. గీతిక వైపు తిరిగి, "అది వట్టి హాస్యమమ్మా. మేం పంతుళ్ళ మీద కట్టాం, కరణాల మీద కట్టాం, మా కులం వాళ్ళ పిసినారితనం మీద కూడా కట్టాను నేను. ఎవరూ ఏమీ అనుకోలేదు," అన్నారు.

"కరణాన్ని ఎవరూ అద్దింట్లోంచి వెళ్ళగొట్టలేదండి. పంతులుగారు షాపుకొస్తే ఎవరూ గల్లాపెట్టెకి తాళం వేయలేదు." గీతిక ల్యాప్‌టాప్ వైపు జరిగింది. "మిమ్మల్ని ఇరికించడానికి కాదండి నేను వచ్చింది. మీరు గుర్తుపడతారేమోనని వచ్చాను. మళ్ళీ వేస్తాను. ఈసారి మూలన చూడండి."

పాట వెనక్కి తిప్పింది. ఈసారి శబ్దం తీసేసింది.

మాటలు లేకుండా ఆ గెంతులు, ఆ మసి మొహాలు కదులుతుంటే వెంకట్ కూడా మూలకేసి చూశాడు. కుడివైపు మూలన సన్నటి కుర్రవాడు వాయిస్తున్నాడు. ఊరి పేరు వచ్చే చోట అతని చేతులు గాల్లో ఆగిపోయాయి. పక్కనున్న హార్మోనియం మనిషి మోచేత్తో పొడిచాడు. చేతులు మళ్ళీ డోలక్ మీద పడ్డాయి. తల మాత్రం పాట అయ్యేదాకా పైకి లేవలేదు.

"సంజీవి," అన్నారు బసవేశ్వరరావు గారు. "బాపట్ల సంజీవి. ఆ రోజు తాళం ఎందుకు తప్పాడని తిట్టాను కూడా. మర్నాడు చెప్పాపెట్టకుండా పోయాడు. పొగరనుకున్నాను." ఆగి, గీతిక మొహంలోకి చూశారు. "నువ్వు..."

"కూతుర్నండి."

ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"ఎక్కడికి నాన్నా?" అన్నాడు వెంకట్.

"రేపల్లె అన్నావు కదమ్మా ఫోనులో, మీ ఇల్లు? కారు తియ్యరా."

ఇది గీతిక అనుకోనిది. నాన్నకు చెప్పలేదని, ఆయనకు ఇదేమీ తెలియదని చెప్పింది. వద్దంది. పెద్దాయన వినలేదు. చేసేది లేక కారెక్కింది. నాన్నకు ఫోను చేద్దామని చేతిలోకి తీసుకుని, ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ సంచిలో పడేసింది. మనసులో ఒకటే మాట తిరుగుతోంది. రేపల్లెలో కూడా నాన్న బాపట్ల మనిషిగానే బతుకుతున్నాడు.

సంజీవరావు షాపులో కింద కూర్చుని, చెరువుల దగ్గర వాడే మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. కారు దిగిన మనిషిని చూసి లేచాడు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. తరవాత చూపు కూతురి మీదికి, ఫణి భుజాన ఉన్న కెమెరా మీదికి వెళ్ళింది. మెల్లగా వెళ్ళి షట్టరు సగం దించాడు.

"ఏంటిది గీతా?"

గీతిక చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. వింటున్నకొద్దీ అతని దవడలు బిగుసుకున్నాయి.

"నేను కడుపులో దాచుకున్నది నువ్వు కెమెరా పెట్టి తీశావా? నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని, నాన్నా."

"అంటాను. అనే హక్కు నాది కదమ్మా."

బసవేశ్వరరావు గారు ముందుకొచ్చారు. "పిల్లని ఏమీ అనకు సంజీవీ. నువ్వెందుకు వెళ్ళిపోయావో నాకు ఇవాళే తెలిసింది. అది చెబుదామని వచ్చాను."

"ఇవాళా?" సంజీవరావు ఆయన్ని వింతగా చూశాడు. "తెలిసే కట్టారనుకున్నాను సార్ ఆ పాట. నా ఊరు ఎవరో మీ చెవిన వేసుంటారు, నన్ను వెళ్ళగొట్టడానికే కట్టారు అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ ఉన్నాను."

"అయ్యో, లేదు. నాకు తెలియదు. తెలిస్తే పాడేవాణ్ణి కాదు."

"తెలియకపోతే పాడొచ్చా సార్?"

గట్టిగా అనలేదు ఆ మాట. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. జీవితమంతా మాటకు మాట విసిరి చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఆ ఇనుప సామాన్ల మధ్య స్టూలు మీద కూలబడ్డాడు. వెంకట్ తండ్రి భుజం పట్టుకోబోతే చెయ్యి తీసేశారు.

చివరికి, "పాడకూడదు," అన్నారు. "నాకిప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు. కెమెరా ముందు చెబుతాను. వీడియో మొత్తం పెట్టమను."

"పెట్టకూడదు," అన్నాడు సంజీవరావు.

గీతిక తలెత్తింది.

"ఆ పాట నీ వీడియోలో ఉందనుకో. జనం నువ్వు చెప్పింది వదిలేసి, పాటొక్కటీ కోసుకుని ఫోనుల్లో పంచుకుంటారు. మళ్ళీ బళ్ళో పిల్లలు పాడతారు. ఇంకెవడో వాళ్ళ మధ్యన కూర్చుని తలొంచుకుంటాడు." చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న రాగితీగ తెంపి పక్కన పడేశాడు. "నాకు మింగుడుపడనిది పాట కూడా కాదమ్మా. దానికి నేను వాయించడం. ఒక్కసారి ఆగాను, అంతే. మళ్ళీ వాయించాను."

గీతిక తండ్రి పక్కన నేలమీద కూర్చుంది. ఈ వీడియోకి ఎన్ని లక్షలమంది వస్తారో నెలరోజులుగా లెక్కలేసుకుంది. అదంతా ఇప్పుడు సిగ్గుగా తోచింది.

"సరే నాన్నా. తీసేస్తాను. అసలు వద్దంటే అసలే పెట్టను."

సంజీవరావు షట్టరు కిందనుంచి కనిపిస్తున్న వీధి వైపు చూశాడు. ఎదురు కొట్టు మనిషి వంగి ఇటే చూస్తున్నాడు. సంజీవరావు లేచి, షట్టరు పూర్తిగా పైకెత్తాడు. లోపలికి ఎండ పడింది.

"పాట తియ్. శబ్దం లేకుండా అందులో నా మొహం, సార్ మొహం ఉంచు, చాలు. మిగతాది నేను చెబుతాను. ఫణీ, పెట్టు బాబూ."

ఫణి కెమెరా నిలబెట్టాడు. వెంకట్ వెళ్దామన్నట్టు తండ్రి వైపు చూశాడు. బసవేశ్వరరావు గారు కూడా లేవబోయారు.

"మీరు కూర్చోండి సార్," అన్నాడు సంజీవరావు. "మీరు వినాలి."

ఆయన కూర్చున్నారు.

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. సంజీవరావు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు సంజీవరావు," అన్నాడు వీధికి కూడా వినబడేలా. "మాది స్టూవర్టుపురం."