తుపాకి నిజరూపము

వానకారు కడచి శరత్తు ప్రవేశించిన ఆ దినములలో కొండవాలులనుండి దిగివచ్చు గెడ్డనీరు తన మట్టిరంగును విడిచి అడుగుననున్న గులకరాళ్లను వేరువేరుగ చూపునంత తేటపడియుండెను. గట్టుల పొడవున రెల్లుపూవులు వెండికుచ్చులవలె గాలికి వాలి లేచుచుండగా కంకుల బరువునకు తలవంచిన చోడిచేలు ప్రాతఃకాలపు పొగమంచులో తడిసి లేయెండ తాకినంతనే పచ్చిపాల కమ్మదనమువంటి వాసనను చిమ్ముచుండెను. చెరకుతోటల యాకుటంచులయందు మంచుబిందువులు జారుటకు మనసొప్పక నిలిచియుండెను. ఇట్టి శోభతో కన్నులపండువు చేయు పాలగెడ్డవలస గ్రామమునకు ఒక్కటే బాధ. కొండదిగి వచ్చి చెరకుమొదళ్లను పెల్లగించి తిన్నదానికంటె తొక్కినదే యధికముగ చేయు అడవిపందుల గుంపు ఆ యేట మితిమీరియుండెను.

ఆ గ్రామమును ఇనాముగ ననుభవించు ముఖాసాదారు లక్ష్ముంనాయుడు. రైతుల పంటలను పందులనుండి కాచుట యా వంశమువారు తరతరములుగ వహించిన భారము. అందులకు సాధనమై వారి నడవగోడను అలంకరించుచుండిన తుపాకి సామాన్యమైనది కాదు. కలప కొట్టించుటకై వచ్చిన సీమదొర యొకడు స్వదేశమునకు మరలిపోవుచు నాయుని తండ్రికి కానుకగ విడిచిపోయినదియు నల్లయుక్కు గొట్టమును అక్రోటుకొయ్య యొడిలో పసిబిడ్డవలె పరుండబెట్టుకొన్నదియు పిడినెత్తి వెనుకకు లాగి గుండు నిలిపి ముందునకు త్రోసి వంచినంతనే కటుక్కున నోరుమూసికొని యాజ్ఞకై యెదురుచూచునదియు నగు నా బోల్టుతుపాకి నాయుని యౌవనకాలమున నొక్క గుండునైన వ్యర్థపుచ్చి యెరుగదు.

అట్టిదానికి కొన్ని యేండ్లుగ గురి చెడెను. ఎంత నిదానించి కాల్చినను గుండు లక్ష్యమునకు కుడివైపుగ తొలగిపోవుచుండెను. తొలుత జానెడు తొలగినది రానురాను మూరెడు తొలగసాగెను. దోషము తుపాకిదని నాయునకు తోచలేదు. దోషము తన కన్నులదని తలచెను. తలచి యెవరితోను చెప్పక గుండు కుడికి పోవునెడల తాను ఎడమకు గురిపెట్టుట మంచిదని యూహించి ఏటికేడు మరికొంత యెడమకు మరికొంత యెడమకు తన చూపును జరుపుకొనుచు వచ్చెను. అయినను తాను జరిపినదానికంటె గుండు మరికొంత కుడికే పోవుచుండుటచే పందులు సుఖముగనే తిరిగిపోవుచుండెను.

ఆ గ్రామమున విజయదశమినాడు జమ్మిపూజ ముగిసిన పిమ్మట కొండదిగువ బయలున మట్టిదిబ్బపై పండిన గుమ్మడికాయను నిలిపి ముఖాసాదారు తుపాకితో పగులగొట్టుట యాచారము. కాయ పగిలినచో ఆ యేడు పంటకు పందుల భయము లేదని రైతులు సంతోషించెదరు. గడచిన మూడు దసరాలలో కాయ చెక్కుచెదరలేదు. చెక్కుచెదరని కాయను పారవేయుట యెట్లు? అది వంటయింటికి చేరి దప్పళమయ్యెను. నాయుని భార్య సింహాచలమ్మ తమ్ముడును పొరుగూరి ముఖాసాదారును నగు సన్యాసినాయుడు నిరుటి దసరానాడు ఆ దప్పళమును లొట్టలువేయుచు భుజించి పంక్తిలో నందరు వినునట్లు పలికెను.

"ఇంకో గరిటె వెయ్యి అప్పా! మా బావ దయవల్ల బతికి బయటపడ్డ గుమ్మిడికాయ గదా, రుచే వేరు."

పంక్తియంతయు నవ్వెను. నాయుడును నవ్వెను గాని విస్తరిలో సగము విడిచి లేచెను. చేయి కడుగుకొనివచ్చి బావమరదితో నిట్లనెను.

"ఒరే సన్యాసీ, వచ్చే దసరాకి కూడా తప్పితే ఈ తుపాకి నువ్వే పట్టుకుపో. మా రైతుల పందుల గొడవ కూడా నువ్వే చూసుకో. గుమ్మిడికాయ కొట్టలేనివాడికి తుపాకెందుకు?"

వేళాకోళమునకు వెన్న పూయుట యెరుగని సన్యాసినాయుడు "అలాగే బావా, మాట మాటే" యనెను. ఆనాటినుండి లక్ష్ముంనాయుడు ఉదయమున చేలవెంబడి తిరుగుట మానెను. అరుగుపై కూర్చుండి కొండలవైపు చూచుటయు వానిని తాను సరిగ చూచుచున్నానో లేదో యని సందేహించుటయు దినచర్య యయ్యెను. వంశభారము చేయిజారునన్న చింతకంటె లోకము మసకబారుచున్నదన్న భయమే యాతనిని కృశింపజేసెను.

సింహాచలమ్మ ఇదంతయు చూచుచుండెను. కాని భర్త కన్నులను గూర్చి యామెకు శంక లేదు. తుపాకికి దృష్టితగిలినదని యామె నిశ్చయము. కావున ఏటేట మహానవమినాడు ఆయుధపూజ చేయునప్పుడు పీటపై దానిని పరుండబెట్టి చందనమును పసుపును కుంకుమమును దట్టముగ నలది అక్షతలు చల్లి బెల్లపుపానకమును చిలుకరించి మనసార మ్రొక్కుచుండెను. గురి తప్పినకొలది పూజ పెరిగెను. పూజ పెరిగినకొలది గురి మరింత తప్పెను. ఈ రెండింటి బాంధవ్యము ఎవరికిని తట్టలేదు.

గడువుగ నిలిచిన దసరా రానే వచ్చెను. మహానవమి యుదయమున సింహాచలమ్మ స్నాతయై ముంగిట ముగ్గులుదీర్చి పీటపై తుపాకిని పరుండబెట్టి చందనము తీయుటకు సానముందర కూర్చుండెను. గంధపుచెక్కను త్రిప్పుచున్న చేయి నడుమ నాగెను. గడపక్రిందనుండి బయలుదేరిన ఎఱ్ఱచీమల బారు పీటకాలెక్కి ఉక్కుగొట్టమునకును కొయ్యకును నడుమనున్న సందులోనికి పోవుచుండెను. పోవు చీమలు వట్టినోళ్లతో పోవుచుండెను. వచ్చు చీమలు మాత్రము నోట నేదియో పసుపువన్నె నలుసును మోసికొని వచ్చుచుండెను. ఆమె చాలసేపు కదలక చూచెను.

"ఇదిగో, ఇలా రండి. తుపాకీలోకి చీమలెల్తన్నాయి."

అరుగుమీదనుండి నాయుడు తల త్రిప్పక "తుపాకీలో వాటికేటి పని?" యనెను.

"అదే అడుగుదాం, రండి."

నాయుడు వచ్చి వంగి చూచెను. గొట్టము లోపలిభాగమును వారమువారము నూనెగుడ్డతో తుడుచు నాతడు కొయ్యను విప్పి యెన్నడు నెరుగడు. మరలు కదపవలదని తండ్రి చెప్పిన మాటను మీరలేదు. ఇప్పుడు చీమల బారు ఆ మాటకంటె బలీయమయ్యెను. సన్నని ఉలిమొనతో మరలు వదులుచేసి గొట్టమును కొయ్యనుండి మెల్లగ పైకెత్తెను.

ఎత్తి నిర్విణ్ణుడయ్యెను. గొట్టము పరుండు కాలువలో ఎడమప్రక్క పొడవునను ఏండ్లకొలది పూసిన చందనము పానకముతో సందులోనికి జారి పొరలుపొరలుగ నెండి రాయివలె గట్టిపడి నడుమ పసుపుచారలు కుంకుమచారలు పానకపు పలుకులు చిక్కుకొన్న బియ్యపుగింజలతో నొక విచిత్రమైన గోడగ నిలిచియుండెను. పీటపై తుపాకిని ఆమె యెప్పుడును కుడిప్రక్కకు పరుండబెట్టి పైకి కనబడు నెడమప్రక్కనే పూజించుట చేత ఆ గోడ యొకవైపుననే పెరిగి ఉక్కుగొట్టమును కుడికి నెట్టుచుండెను. ప్రేలునపుడు గొట్టము కంపించుటకు చోటులేక గుండును కుడికి విసరుచుండెను.

సింహాచలమ్మ ముఖము వెలవెలబోయెను. నాయుడు ఆ గోడను గోటితో గీచి వాసన చూచెను. మంచి గంధపు వాసన. అంతట నాతనికి నవ్వు వచ్చెను. ఏడాదిగ నా యింట వినబడని నవ్వు పొట్టనుండి పుట్టి భుజములను కుదిపి కన్నులలో నీరు నింపి పెరటిలోని కోళ్లను బెదరగొట్టెను.

"సింహాచలం! నీ పేరుగల అప్పన్నకి ఏడాది పొడుగునా చందనం కప్పుతారు గానీ ఒక్కనాడైనా ఒలిచి నిజరూపం చూపిస్తారు. నువ్వు నా తుపాకీకి ఆ ఒక్కనాడూ లేకుండా చేసీసేవే!"

"నవ్వకండి. నాకు సిగ్గేస్తంది."

"నాకు కళ్లు పోయాయనుకున్నానే!"

ఆమె చేతిలోని గంధపుచెక్క జారెను. "ఎన్నాళ్లనుంచి?"

"మూడు దసరాలనుంచి."

"నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"చెప్తే నాక్కూడా చందనం రాసీదానివి."

ఆమెకును నవ్వాగలేదు. దంపతులిరువురు పీటకు చెరియొకప్రక్క కూర్చుండి వెదురుపుల్లతో నొకరు తడిగుడ్డతో నొకరు ఆ భక్తిసంచయమును గీచి తుడిచి ఎండబెట్టి గొట్టమును మరల కొయ్యలో పరుండబెట్టిరి. తమలపాకు నొకదానిని ఇనుమునకును కొయ్యకును నడుమ జొనిపి లాగగా మొదలునుండి కొసవరకు తగులకుండ జారెను. ఆయుధపూజనాడు ఆయుధమును పనిలో పెట్టరాదు గనుక పరీక్షించుటకు వీలులేకపోయెను. సింహాచలమ్మ భుజమున నానించు కొయ్యకుందెమీద నొక్క చిన్నబొట్టు పెట్టి చేతులు వెనుకకు తీసికొనెను.

మరునాటి యపరాహ్ణమున కొండదిగువ బయలు జనముతో నిండెను. పొరుగూరినుండి బండిలో దిగిన సన్యాసినాయుడు తలకు జరీయంచు తలపాగయు చంకలో మడచిన గొంగడియు ధరించి వచ్చెను.

"ఆ గొంగడెందుకురా?" యని అక్క యడిగెను.

"తుపాకీకప్పా. మా ఊరు ఎల్లేదాకా చలెయ్యదూ?" యని బావవైపు తిరిగి "అయినా బావా, నీ తప్పు లేదులే. అప్పన్న వరాహమూర్తి గదా. మా అప్ప ఆ సామి పేరుది. పందుల్ని కొడితే ఇంట్లో అన్నం పెట్టదని భయం" అనెను. రైతులు నవ్వుటకు జంకి తలలువంచుకొనిరి.

లక్ష్ముంనాయుడు నవ్వుచునే తుపాకినందుకొని పిడినెత్తి గుండుమోపి భుజమున నానించెను. దిబ్బపై గుమ్మడికాయ పొద్దునకు ఎఱ్ఱగ మెరయుచుండెను. శబ్దము కొండకు తగిలి మరలివచ్చెను. కాయ కదలలేదు. కాయకు ఎడమప్రక్క మూరెడు దూరమున నున్న తుప్పకొమ్మ తెగి నేలపడెను.

"మార్పొచ్చింది బావా!" యని సన్యాసినాయుడు కేకవేసెను. "ఎప్పుడూ కుడికి పోయీది, ఈయేడు ఎడమకి పోయింది. వచ్చే ఏటికి మధ్యకొస్తాదేమో!"

ఈమారు జనము నవ్వెను. నాయుని ముఖమున రక్తము లేదు. అడ్డు తొలగినను గుండు తప్పెనన్న ఇక కన్నులు తప్ప వేరు కారణమేమి? ఆచారము మరొక్క గుండునకు మాత్రమే యనుమతించును.

స్త్రీలనడుమ కూర్చున్న సింహాచలమ్మ గుమ్మడికాయను చూడలేదు. జనమంతయు కాయను చూచుచుండగా నామె యొక్కతెయే భర్త ముఖమును చూచెను. ఆతని చూపు పోయిన దారినే తన చూపును పోనిచ్చెను. అది తిన్నగ పోయి తెగిన తుప్పకొమ్మ యుండినచోటనే యాగెను. ఎన్నడును మగవారి వరుస దాటి రాని యామె మజ్జిగచెంబు చేతబట్టుకొని లేచి బయలు నడుమకు నడచి భర్తకు చెంబందించుచు మెల్లగ నిట్లనెను.

"మీరు కాయకేసి చూడ్డంలేదు. తుప్పకేసి చూస్తన్నారు. కొమ్మని కొట్టాలనుకున్నారు, కొట్టేరు."

నాయుడు ఒక గుక్క త్రాగి చెంబు మరల నిచ్చెను. "అవునే. ఎడమకి పట్టడం అలవాటైపోయింది."

"తుపాకీ జబ్బు నయమైంది. మీరింకా పథ్యం చేస్తన్నారు. ఎదురుగా ఉన్నదానికేసే చూడండి."

ఆమె వెనుకకు మరలెను. నాయుడు మరల తుపాకి నెత్తెను. ఎదురుగ నున్నదానిని ఎదురుగ చూచుట యెంత కష్టమో ఆ క్షణమున నాతనికి తెలిసెను. కాయ నడిబొడ్డున గురి నిలిచినను భుజము తనంత తానే ఎడమకు జరుగవలెనని మారాముచేసెను. వ్రేలు సందేహించెను. చిన్నప్పుడు తండ్రి వెనుక నిలిచి మొదటిమారు కాల్చిననాటివలె ఆతడు లెక్కలన్నియు మరచి ఊపిరి బిగబట్టి కాయనే చూచెను. కాయను మాత్రమే చూచెను.

గుమ్మడికాయ యున్నచోట గుమ్మడికాయ లేదు. ఎఱ్ఱని గుజ్జును తెల్లని గింజలును ఆకాశమున కెగసి వడగళ్లవలె కురిసెను. జనము కేకలతో కొండను మేల్కొలిపెను. తప్పెటలు మ్రోగెను. రైతులలో వృద్ధుడైన కామయ్య కఱ్ఱ విసరివేసి తైతక్కలాడెను. గుజ్జుముక్క యొకటి తిన్నగ వచ్చి సన్యాసినాయుని జరీతలపాగపై కూర్చుండెను. ఆతడు దానిని తాకిచూచుకొని దీనముగ పలికెను.

"అప్పా, ఈయేడు దప్పళం లేనట్టేనా?"

"ఎందుకు లేదురా? నీ తలమీదున్నది చాల్దేటి?"

సన్యాసినాయుడు పగలబడి నవ్వి చంకలోని గొంగడిని విప్పి బావ భుజములచుట్టు శాలువవలె కప్పి కౌగిలించుకొనెను. వేళాకోళమున నెంత చురుకో ఓటమియందును అంత నిండైన మనసువాడు.

సంజకెంజాయ కొండలపై పరచుకొనుచుండగా దంపతులు గెడ్డగట్టుమీదుగ నింటికి మరలిరి. మిక్కిలి ప్రీతితో చేసిన సేవయు ఆకుమందపు చోటునైన విడువనిచో బరువగును. ఆ బరువునకు ఓర్చుకొని ఒదిగి నడచుట నేర్చినవాడు బరువు తొలగినపిదప తిన్నగ నడచుట మరల నేర్చుకొనవలసియుండును. ఈ రెండు విషయములను వారిలో నెవరును నోట పలుకలేదు. నాయునకు పలుకుటకు వేరు మాటలు కలవు. ఆతడు తుపాకిని భుజమున వేసికొని అడుగడుగునకు నిలిచి దూరముగ చేయిచాచుచుండెను.

"అదిగో, ఆ కొండ నెత్తిమీద మేకలు దిగుతున్నాయి చూసేవా? ముందరున్నది నల్లది. వెనకాల ఆడమనిషి. నెత్తిన పుల్లలమోపు. అదిగో, మోపులోంచి ఒక పుల్ల జారింది!"

సింహాచలమ్మకు కొండయు దానిమీది ఎఱ్ఱని వెలుగును తప్ప మరేమియు కనబడలేదు. ఆమె భర్త ముఖమువైపు చూచి "అవునవును, జారింది" అనెను.