హోటల్ మాత్రం నువ్వే చూడు

"హోటల్ మాత్రం నువ్వే చూడు. నీకేది నచ్చితే అదే," అన్నారు ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేడి ఆరకముందే తొడుక్కుంటూ.

ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకేది నచ్చుతుందన్న ప్రశ్న పాతికేళ్ల కాపురంలో ఈ ఇంట్లో పుట్టడం అదే మొదలు. కర్టెన్ల రంగు ఆయన అక్కగారు చెప్పారు. మా పిల్ల ఏ బళ్లో చదవాలో అత్తయ్య చెప్పారు. మంచంలో ఏ పక్కన పడుకోవాలో కూడా ఫ్యాన్ గాలే చెప్పింది, గాలి తగిలే వైపు ఆయనకి, మిగిలిన వైపు నాకు. అలాంటిది సముద్రాలు దాటి వెళ్లే ఊళ్లో గది ఎంచే పని నాకు అప్పజెప్పారు. ఒప్పుకోవడానికి సిగ్గేమిటి, చాలా సంతోషపడ్డాను. అతివినయం ధూర్త లక్షణం అని మా అమ్మ అంటూ ఉండేది. ఆ మాట అప్పుడే గుర్తొచ్చింది కానీ, నా పాడుబుద్ధి అనుకుని పక్కకి నెట్టేశాను.

ప్రయాణానికి కారణాలు రెండు. మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి, ఆయన రిటైరై రెండు నెలలయింది. రిటైరయింది ఆయన, పని పెరిగింది నాకు. ఇదివరకు ఆఫీసు క్యాంటీన్లో తాగే టీలు కూడా ఇప్పుడు నేనే ఫ్లాస్కులో పోసి, పక్కన గ్లాసు పెట్టి, మూత ఎటు తిప్పాలో చెప్పి మరీ వెళ్లాలి. నేను వెళ్లేది కట్టుడు పళ్లు చేసే ల్యాబుకి. డాక్టర్లు పంపిన అచ్చుల్లో సుద్ద పోయడం, మైనంతో చిగుళ్లు దిద్దడం, మనిషి మొహానికి తగ్గట్టు పన్ను పక్కన పన్ను పేర్చడం నా పని. ఇరవై రెండేళ్లుగా నా చేతి పళ్లతో ఈ ఊరు సగం నవ్వుతోంది. మా ఆయన మాత్రం ఎవరైనా అడిగితే, "ఏదో కాలక్షేపానికి వెళ్తుంది," అంటారు. మా పెద్ద మేస్త్రీ త్వరలో పని మానేస్తున్నాడు, వచ్చే నెలనుంచి ల్యాబు నా చేతిలో పెడతానని ఓనరమ్మ చెప్పింది. ఆ మాట పరుగున ఇంటికొచ్చి చెబితే ఆయన, "మరి వంట?" అన్నారు.

మేం వెళ్లే ఊళ్లో మా వదిన, అంటే ఆయన అక్కగారు, ముప్పయ్యేళ్లుగా ఉంటోంది. అత్తయ్య నాలుగేళ్లుగా ఆవిడ దగ్గరే ఉన్నారు. పోయిన చలికాలం బాత్రూంలో జారిపడి తుంటి విరిగాక మంచం దిగడం లేదు. చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి ఒకరోజు కూరలు తెస్తానని సంచీ పట్టుకుని వెళ్లి మళ్లీ రాలేదట. ఎందుకు రాలేదని అడిగితే, "దానికి ఒళ్లు వంగదు," అన్నారాయన. ఈసారి టికెట్లు ఆయనే తీశారు. గ్యాసు బండ కూడా ఏనాడూ బుక్ చేయని మనిషి, కరెంటు ఆఫీసు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ప్రతి కాగితం నాచేతే నింపించే మనిషి, తనే వెళ్లి టికెట్లు తీయించారంటే ముచ్చటేసింది. రెండో తారీఖున వెళ్లి పద్నాలుగున తిరిగొస్తాం అన్నారు. పన్నెండు రాత్రులు. అందులో మొదటి మూడూ హోటల్లో మనిద్దరమే, తర్వాత అక్కావాళ్లింట్లో అన్నారు. వీసా కాగితాల్లో మాత్రం ఇద్దరికీ ఆర్నెల్లని రాయించారు, ఎందుకైనా మంచిదట.

మధ్యాహ్నం భోజనాల వేళ సుద్ద అంటిన చేతులు కడుక్కుని ఫోన్లో హోటళ్లు చూసేదాన్ని. తిరిగి తిరిగి మూడింటి దగ్గర ఆగాను. ఒకటి కాలువ ఒడ్డున, ఆరే గదులు, ఓ పెద్దావిడ నడుపుతుంది, తాళంచెవికి జామకాయంత కొయ్యముక్క కట్టి ఇస్తుంది. రెండోది పెద్ద కూడలి పక్కన, పసుపు గోడలు, పొద్దున ఫలహారాలు పెట్టే హాలుకి అద్దాల కప్పు. మూడోది ఒకప్పుడు పుస్తకాలు కుట్టి అట్టలు వేసే కార్ఖానా. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కానీ గదికి ఇనుప చువ్వల బాల్కనీ ఉంది, అందులో గుండ్రటి బల్ల, ఒకే ఒక్క కుర్చీ. ఎంచుకోవడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు తెలీదు. ఒక్కటే చిత్రం, ఆ ఫొటోల్లో ఎక్కడా మనిషి కనపడడు. నలగని దుప్పట్లు, ఎవరూ తాగని కప్పులు. చూసినకొద్దీ, ఆ దుప్పటి పరిచినావిడ ఫొటో తీసేటప్పుడు ఏ తలుపు వెనక తప్పుకుని నిలబడిందో అనిపించేది.

ఆ ఆదివారం వదిన వీడియో కాల్ చేస్తే ఉత్సాహం పట్టలేక బాల్కనీ గది సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది. నాలుగంతస్తులు ఎక్కి మోకాళ్లు పాడుచేసుకోకు, నీ మోకాళ్లతో చాలా పనుంది అంది. వాళ్ల అపార్టుమెంటుకి ఎదురుగానే ఒక హోటల్ ఉందట, అందులో దిగమంది. "మా వంటగదిలోంచి చూస్తే మీ కిటికీ కనపడుతుంది," అంది. పాస్‌పోర్టులు హోటల్లో ఉంచొద్దు, దిగగానే నాకిచ్చెయ్యండి, మా బీరువాలో పెడతాను అని కూడా అంది. ఆ తర్వాత ఫోను పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. అత్తయ్య గదిలో, ఆవిడ మంచానికి ఆనించి, కొత్త మడతమంచం వేసి ఉంది. ఒక్క మనిషి ఒదిగి పడుకునే మంచం. దాని తలాపున గోడకి చిన్న గంట బిగించారు, అత్తయ్య బొత్తాం నొక్కితే మోగుతుందట. ఎంత మొద్దునిద్రలో ఉన్నా లేవాల్సిందే అంటూ వదిన నొక్కి వినిపించింది. అత్తయ్య కెమెరాలోకి చూసి, "ఎప్పుడొస్తోంది?" అని నన్ను కాదు, కూతుర్ని అడిగారు. మేమిద్దరం అంత చిన్న మంచంలో ఎలా పడతామని నవ్వుతూ అడిగాను. అటువైపు ఎవరూ నవ్వలేదు.

ఆ వారమంతా ఇంట్లో మర్యాదలు పెరిగాయి. ఆయన వాషింగ్ మెషిన్ దగ్గర నిలబడి ఏ బొత్తాం తర్వాత ఏది నొక్కాలో అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నారు. గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని, పాలవాడు రాకపోతే ఎవరిని అడగాలి, మిక్సీ మూత ఎందుకు పట్టదు, అన్నీ నంబర్లు వేసి రాసుకున్నారు. పాతికేళ్లకి మొగుడు వంటింట్లోకొచ్చాడని మురిసిపోవాలి. నాకు మాత్రం లెక్క కుదరలేదు. పన్నెండు రోజులూ నేను ఈయన పక్కనే ఉంటాను కదా, మరి ఈ బియ్యం ఎవరు వండుకోవడానికి? సామాను సర్దుతుంటే మందపాటి ఉన్ని కోటు తెచ్చి నా పెట్టెలో పెట్టారు. అక్కడ ఇప్పుడు ఎండాకాలమండీ అంటే, "ఉండనీ, బరువేం కాదుగా," అన్నారు. తన పెట్టెలో మాత్రం పొట్టి చేతుల చొక్కాలే ఉన్నాయి.

బుధవారం ల్యాబులో మైనం కరుగుతుండగా ఫోను మోగింది. టికెట్ల ఏజెంటు. ఆ మనిషి తప్పేం లేదు, తన పని తను చేస్తున్నాడు. ఫారంలో ఫోను నంబరు రాయాల్సిన చోట మా ఆయన అలవాటు కొద్దీ నా నంబరు రాసేశారు. ఈ ఇంట్లో ఏ కాగితం మీదైనా ఉండేది అదే, ఆయన నంబరు ఆయనకే గుర్తుండదు. "మేడమ్, ప్రయాణం ఇన్సూరెన్సు గురించి. సార్‌కి పన్నెండు రోజులకి చేశాను. మీ రిటర్న్ అయిదున్నర నెలల తర్వాత కదా, మొత్తం రోజులకీ చేసేయనా?"

ఎవరి రిటర్న్ అని అడిగాను. మీదే మేడమ్, అని నా పేరు, తేదీ చదివి వినిపించాడు. చేతిలో ఉన్న చిగుళ్ల అచ్చు సుద్దపొడిలో పడింది. మళ్లీ చేస్తానని ఫోను పెట్టేసి, ఆ అచ్చుని తీసి, ఊది, మళ్లీ పట్టుకున్నాను. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. నాలుగు ఫొటోలు చూపిస్తే చిన్నపిల్లలా గెంతానే, దేశంకాని దేశంలో మడతమంచం మీదకి నా అంతట నేనే నడుచుకుంటూ పోయేదాన్ని కదా అని. నోట్లో వేలు పెడితే కొరకలేనిదని వాళ్లంతా కూర్చుని తీర్మానించుకున్నారు.

పన్నెండు రోజుల సెలవు చీటీ రాసి ఓనరమ్మ గదికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు తీసి చూసింది. మీవారు మొన్ననే ఫోన్ చేశారే అంది. అత్తగారి సేవకి ఆర్నెల్లు వెళ్తున్నావట, నాతో చెప్పడానికి మొహమాట పడుతున్నావట. మంచి మనసు నీది, కానీ ల్యాబు అన్నాళ్లు ఖాళీగా ఉంచలేను, నీ తర్వాతవాడికి ఇద్దామనుకుంటున్నాను అంది. పన్నెండు రోజులేనండీ అన్నాను.

"ఎవరి మాట రాసుకోమంటావు?"

"నాదే రాసుకోండి," అన్నాను. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, చీటీ మీద సంతకం చేసింది.

అయినా పాతికేళ్ల కాపురం కదా, ఒక అవకాశం ఇద్దామనిపించింది. నిజం చెబితే, అమ్మకి బాలేదు, ఎవరో ఒకరం ఉండాలి, ఏం చేద్దాం అని అడిగితే, నేనూ కూర్చుని ఆలోచించేదాన్ని. ఆ సాయంత్రం ఆయన టీవీ ముందు ఉండగా మామూలుగా అడిగాను, "మనం ఎన్నో తారీఖున తిరిగొస్తున్నాం?"

"పద్నాలుగునే కదా, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు తల తిప్పకుండా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే మళ్లీ అందుకున్నారు. అయినా ఇంకా వెళ్లకముందే రావడం గురించి ఆరాలేమిటి, అక్కడ నీకేం తక్కువ, మా అక్క నిన్ను తోబుట్టువులా చూస్తుంది, అమ్మకి నువ్వంటే ప్రాణం, ఆ పళ్ల కొట్టులో ఏం మూటగట్టుకుంటున్నావని. చివర్లో గొంతు తగ్గించి, "నీకు నచ్చిన హోటలే తీసుకోమన్నాను కదా," అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు లెక్క తేలిపోయింది. ఆ మూడు రాత్రులు నాకు పెట్టిన ఎర.

భయం లేదని అనను. వాళ్ల ఊరు, వాళ్ల భాష, వాళ్ల బీరువా. అసలు ప్రయాణమే మానేస్తే పోతుంది కదా అని కూడా అనుకున్నాను. కానీ మానేస్తే నన్ను మోసం చేసినవాళ్లకి ఏమీ కాదు, ఇంకో ఏడాది ఇంకో వంకతో తీసుకెళ్తారు. పైగా ఆ బాల్కనీ మీద నాకు ఆశ పుట్టింది, ఆ ఆశ చంపుకోవడం నాకిష్టం లేదు.

మర్నాడు భోజనాల వేళ ఏజెంటుకి ఫోన్ చేశాను. టికెట్లలో మార్పు చేయాలంటే వచ్చే ఓటీపీ ఎవరికొస్తుందని అడిగాను. మీ ఫోనుకే మేడమ్, ఫారంలో ఉన్నది ఇదొక్కటే అన్నాడు. అయితే తిరుగు తేదీలు ఒకరివి ఒకరికి పడ్డాయండీ, ఆయనది నాకు, నాది ఆయనకి వెయ్యండి, ఇన్సూరెన్సు కూడా అలాగే మార్చండి అన్నాను. కాసేపు కీబోర్డు చప్పుడే వినపడింది. సార్ ఆర్నెల్లు అక్కడే ఉంటారా అని మెల్లిగా అడిగాడు. తల్లి ఆయనదే కదండీ, రిటైరయ్యారు, తీరికా ఉంది, బియ్యం ఎసరు కూడా నేర్చుకున్నారు అని చెప్పాను. ఓటీపీ వచ్చింది. ఆరంకెలూ చదివి చెప్పాను. ఆ తర్వాత నాలుగంతస్తుల హోటల్ తెరిచి, ఏ రాత్రికి ఎంతమందో నింపాను. ఇంట్లో ఉన్న రెండు పాస్‌పోర్టుల్లో నాది పొద్దున బయల్దేరేటప్పుడే తీసి నా చేతిసంచీ లోపలి అరలో పెట్టుకున్నాను. అత్తయ్యని చూడ్డానికి వెళ్తాను, తప్పకుండా. చుట్టపుచూపుగా వెళ్లి, మంచం పక్కన కాసేపు కూర్చుని, కాఫీ ఇస్తే తాగి వస్తాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన మంచి హుషారుగా ఉన్నారు. అక్కతో ఇప్పుడే మాట్లాడానన్నారు, అంతా సిద్ధమట.

"హోటల్ తేలిందా?" అని అడిగారు, ఫ్లాస్కు నా చేతికి ఖాళీగా అందిస్తూ.

"తేలింది."

"ఎన్ని రాత్రులకి తీసుకున్నావు? మూడే కదా?"

"మీకు మూడు," అన్నాను. "నాకు పన్నెండు."