వాలబీ తోకలో తొమ్మిదో నారను

ఇలా దగ్గరికి రా తల్లీ, చెవి ఇటు ఆనించు. నా గొంతు చిన్నది, చెప్పాల్సింది చాలా ఉంది.

నేను ఒక నారను. మాంసకృత్తులతో అల్లిన, కంటికి ఆనని నారను. వాలబీ అని బుల్లి కంగారూ లేదూ, దాని వీర్యకణం తోకలో పుట్టాను. చదువు రాదు కానీ ఏదీ మరిచిపోను. తోకను ఆడించే సన్నటి పోగుల చుట్టూ మేము తొమ్మిది నారలం. తోక కొరడాలా ఆడుతున్నప్పుడు విరిగిపోకుండా కాయడమే మా పని.

పుట్టినప్పుడు మెత్తగా ఉన్నాం. వృషణం పక్కన చుట్టలు చుట్టుకున్న సన్నటి గొట్టంలో రోజుల తరబడి సాగుతుంటే మాలోని గంధకం గంధకంతో ముడిపడింది. ముడిముడికీ గట్టిపడ్డాం. ఈదే రోజు కోసం అంత సిద్ధపడితే, ఆ రోజు రానేలేదు. జంతుశాలలో ఆఖరి మగ వాలబీ, మా యజమాని, ముసలితనంతో కన్నుమూసింది.

అక్కడి పశువుల డాక్టరుగారు దాని ఒంట్లోంచి మమ్మల్ని తీసి సీసాలో పెట్టి, మంచుపెట్టెలో హైదరాబాదులోని ఒక పరిశోధనశాలకు పంపారు. అక్కడ విశాల అనే పిల్ల ఉంది. మేము దేనితో తయారయ్యామో తేలిస్తేనే ఆ పిల్ల ఐదేళ్ళ డాక్టరేటు చదువు గట్టెక్కుతుంది. ఇంకో సీసా ఎక్కడా లేదు.

విశాల మమ్మల్ని సబ్బునీళ్ళలాంటి మందులో నానబెట్టి, యంత్రంలో గిర్రున తిప్పింది. వీర్యకణాల్లో మిగతావన్నీ కరిగి పైన తేటలో కలిశాయి. మేము కరగలేదు, ముడులున్నాయిగా! అడుగున తెల్లటి చుక్కలా కూర్చున్నాం. మనుషులకు తేటంటే మోజు. అంతకుముందు కాలేయం, మెదడు కణాలతో చేసిన పనిలో తేట దాచడం, మడ్డి పారబోయడం అలవాటై, విశాల తేట తీసుకుని, మేమున్న గొట్టాన్ని తొట్టె మీదికి వంచింది.

పక్కనే గాజుసామాను కడుగుతున్న మస్తానమ్మ చటుక్కున చేయి పట్టుకుంది.

“ఆగు పాపా! అడుగున ఏందది?”

“మడ్డి మస్తానక్కా, పారేసేదే.”

“అంత మందుకీ కరగలా? రోజూ కడిగేదాన్ని, నాకు తెలవదా? పారబోసినాక ఆ జీవి మళ్ళీ పుట్టుకొస్తదా ఏంది?”

విశాల గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. “అయ్యో అక్కా, తోకలన్నీ ఇందులోనే ఉన్నాయి!”

“మరి ఆ డాక్టరు పట్టా నాకిప్పిస్తావా?” అంటూ మస్తానమ్మ మళ్ళీ బ్రష్ అందుకుంది.

తర్వాత విశాల మాపై కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే మందు పోసింది. ముడులు ఒక్కొక్కటే విడిపోయాయి. బతుకంతా బిగించుకున్నవి వదులుకోవడం తేలికా? అయినా ఆ పిల్ల ముఖం చూసి వదిలేశాను. మేమేమిటో తేల్చడానికి జిగురు పలకలో పెట్టి కరెంటు పారిస్తే పరుగెత్తాను. నా జన్మలో ఈదింది అంతే, రెండంగుళాలు. ఆగినచోట నీలిరంగు వేస్తే గీతనై కనిపించాను.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న విశాల పరిశోధన పుస్తకంలో బొమ్మనై ఉన్నాను. మొదటి పేజీలో మస్తానమ్మకు కృతజ్ఞతలని రాసింది. ఎందుకో మాత్రం రాయలేదు. ఎవరైనా అడిగితే, తల్లీ, అది నువ్వు గుర్తుపెట్టుకుని చెప్పు.