మూడు వాషర్లు

అల్లుడు పళ్ళ డాక్టరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంకెవరైనా అయితే పాత బ్యాండ్ సాను కాస్త తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, స్విచ్చి నొక్కి చూసేవాళ్ళు. ఈయన అలా కాదు. మనిషంత ఎత్తున్న ఆ రంపం మిషనును ఏ భాగానికా భాగం ఊడదీశాడు. పాత దుప్పటి మీద వరసగా పేర్చి, సన్నటి కొక్కెంతో మూలమూలనా గీకడం మొదలుపెట్టాడు. చిన్న బ్రష్షు, దూది, మూతికి మాస్కు. మిషనును నోరు బాగా తెరవమనడం ఒక్కటే తక్కువ!

అత్తగారు వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తూ పళ్ళు నూరుకుంటోంది.

పెరటి షెడ్డులో ఉన్న ఆ మిషను ఆమె భర్తది. రెండేళ్ళ కిందట ఆయన పోయినప్పటి నుంచి తిరగలేదు. చుట్టుపక్కల వాళ్ళంతా ఆయన్ని వంపుల మేస్త్రి అనేవారు. కుర్చీ వీపు గానీ, మంచం తలాపు గానీ, ఆ షెడ్డులోంచి వచ్చిన వంపును ఒకసారి చేత్తో నిమరకుండా ఎవరూ వెళ్ళేవారు కాదు. అయితే ఆ వంపుల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయన కోసింది కాదు. ఉలి, చిత్రిక, పాలిష్ పనుల్లో మేస్త్రిని కొట్టేవాడు లేడు. బ్లేడు గిర్రున తిరగడం మొదలయ్యేసరికి మాత్రం ఆయనకు కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. షెడ్డు తలుపేసుకుని ముప్ఫై ఏళ్ళు కోసింది ఆవిడే. "బయట తెలిస్తే నా పరువేం కావాలే?" అని ఆయన బతిమాలితే, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.

ఆ మాటే ఇప్పుడు పీకల మీదికి వచ్చింది. ఎందుకంటే కూతురు తీర్పు చెప్పేసింది.

"ఆదివారం పదింటికి పాత ఇనుము అతను వస్తాడు. ఈలోగా మిషను నడిస్తే సరే, ఉంచుకుందాం. లేదంటే బండెక్కించేద్దాం. నాన్న జ్ఞాపకమని తుప్పును ఎన్నాళ్ళు చూస్తూ కూర్చుంటాం?"

బ్యాండ్ సాకు పైనొక చక్రం, కిందొక చక్రం ఉంటాయి. రెండింటి మీదుగా బ్లేడు బెల్టులా తిరుగుతుంది. చక్రాలు ఒకే వరసలో లేకపోతే బ్లేడు జారిపోతుంది. ఈ మిషనుకు పై చక్రం మొదటి నుంచీ రవ్వంత వెనక్కి ఉండేది. దాన్ని ముందుకు తేవడానికి ఇరుసుకు మూడు పల్చటి వాషర్లు తొడిగింది అత్తగారు. ఏళ్ళ తరబడి గ్రీజు పేరుకుని అవి నల్లటి మడ్డిలో కలిసిపోయాయి. పళ్ళ డాక్టరు కంటికి అది గార కాక మరేమిటి? వాషర్లతో సహా గీకి అవతల పడేశాడు.

గురువారం సాయంత్రం తళతళలాడుతున్న మిషనుకు స్విచ్చి వేశాడు. బ్లేడు రెండు చుట్లు తిరిగి టంగుమని ఊడి, నేల మీద పాములా మెలికలు తిరిగింది. అల్లుడు ఒక్క గంతులో బల్ల ఎక్కాడు. అత్తగారు నవ్వాపుకోలేక కిటికీ తలుపు వేసేసుకుంది.

శుక్రవారం పొద్దున ఆయన ఆసుపత్రికి వెళ్ళగానే ఆవిడ షెడ్డులో దూరింది. బ్లేడు వదులు చేసి, నట్టు తిప్పి, చక్రం దింపి, ఆయన పడేసిన వాషర్లు ఏరి తొడిగి, అన్నీ యథాస్థానంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూరగాయలు తరుగుతూ కూర్చుంది.

సాయంత్రం అల్లుడు షెడ్డులోంచి కేకేశాడు.

"విచిత్రం అత్తయ్యా! నిన్న తీసిన వాషర్లు మళ్ళీ మొలిచాయి."

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "పాత మిషను కదా అల్లుడుగారూ, ఉంటే ఉండనివ్వండి. అవేం తిండి అడుగుతాయా, బట్ట అడుగుతాయా?"

"అమ్మో, అక్కర్లేనిది ఒక్కటీ ఉండకూడదండీ" అంటూ మూడూ పీకేశాడు.

శనివారమూ అదే భాగోతం. ఆవిడ తొడిగింది, ఆయన పీకాడు. ఈ మనిషి దగ్గర పన్ను మిగిలిన వాళ్ళెవరైనా ఉన్నారా అని ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం పదింటికి పాత ఇనుము అతను తాళ్ళు భుజాన వేసుకుని దిగాడు. అల్లుడు స్విచ్చి వేశాడు. బ్లేడు ఊడింది. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ ఊడింది.

"ఇక చాలండీ" అంది కూతురు.

పాత ఇనుము అతను మిషను మెడకు తాడు బిగించాడు. ముప్ఫై ఏళ్ళు తన చేతి కింద తిరిగిన మిషను. అత్తగారికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"తియ్యవయ్యా ఆ తాడు!" అని అరిచింది. "అల్లుడుగారూ, ఆ వాషర్లు ఇటు ఇవ్వండి."

అల్లుడు చొక్కా జేబులోంచి మూడూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

పది నిమిషాల్లో చక్రం దిగి ఎక్కింది. బ్లేడును ముందు చేత్తో తిప్పి చూసి, బిగువు మర సవరించి, బ్లేడును పక్కకు జరగనివ్వని గైడ్లను కాగితం మందం ఎడంలో బిగించి, స్విచ్చి వేసింది. మిషను సన్నగా పాట అందుకుంది. మూలనున్న టేకు చెక్క తీసుకుని, గీత గీయకుండానే నడుము తిరిగినంత నున్నగా ఒక వంపు కోసింది. చేతుల మీద రంపపు పొట్టు రాలుతుంటే ఆవిడ ఒళ్ళంతా తేలికైపోయింది. భర్తకిచ్చిన మాట తప్పినందుకు సిగ్గుపడదామనుకుంది గానీ, ఆ ఆనందంలో తీరిక దొరకలేదు.

మిషను ఆగాక అల్లుడు మెల్లగా అన్నాడు. "మొదటిసారి తెలియక తీశాను అత్తయ్యా. తర్వాత మీ గోళ్ళలో గ్రీజు చూశాను. మీ అంతట మీరే బయటికొస్తారని తీశాను."

"ఓరి మీ తెలివి తగలెయ్య! ఇంకాసేపైతే బండెక్కేది కదయ్యా!"

"బేరం నిన్ననే రద్దు చేశానండీ. తాడు కట్టి కాసేపు హడావిడి చెయ్యమని నేనే చెప్పా."

పాత ఇనుము అతను చేతిలో తాడు చుట్టుకుంటూ గోడవైపు తిరిగి నవ్వాడు.

కూతురు మాత్రం నవ్వలేదు. కోసిన చెక్కను పట్టుకుని, వంపు మీద వేళ్ళు పోనిస్తూ నిలబడిపోయింది.

"అయితే నా ఊయల కుర్చీ?"

"నేనే కోశాను."

"రెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని, ఇవి మా నాన్న చేతి వంపులని ఏడుస్తున్నానే! పక్కనే ఉండి, కన్నీళ్ళు తుడుస్తూ, ఒక్క ముక్క చెప్పలేదు కదే నువ్వు!"

అత్తగారు కూతుర్ని దగ్గరికి లాక్కుంది. చేతులకున్న పొట్టంతా పిల్ల జుట్టుకంటింది.

"నాన్న కోసం ఎంతైనా ఏడువమ్మా, నేనూ ఏడుస్తాను" అంది. "కుర్చీ మాత్రం నాది."