వదినా అని పిలిచే కొడుకు

...నడివయసు దాటుతుంటే ఎవరినో ఒకరిని పెంచాలన్న ఆకలి పుడుతుందట, మొన్న బిష్కెక్ కాలేజీలో, ఈ వయసులో నేను చేరిన క్లాసులో మేడమ్ చెప్పింది, నా కొడుకు ఈడు పిల్ల, ముసలితనం గురించి నాకు పాఠం చెప్పడమేమిటని వెనక బెంచీలో నవ్వుకున్నాను గానీ మాట మాత్రం లోపల దిగబడింది, ఇప్పుడు కిర్గిజ్ కొండల్లో, నారిన్‌లో, అత్తయ్య ఇంట్లో, నిన్నగాక మొన్న పాలు మాన్పించిన పసివాడు వాళ్ళమ్మ చోల్పోన్ ఒడిలో ఆవలిస్తుంటే నా చేతులు ఊరుకోవడం లేదు, ఎత్తుకో వదినా, ఇక నీవాడేగా, అంటున్నాడు వాడి తండ్రి ఎర్మెక్, నా కడుపున పుట్టిన ఎర్మెక్, తొలిచూలు బిడ్డ నానమ్మదే అన్నది మా ఆనవాయితీ, ఆ లెక్కన వీడు నావాడు, ఎర్మెక్ కూడా అలాగే పాలు మానగానే అత్తయ్య బిడ్డయిపోయాడు, వాడికి ఆమె అమ్మ, ఆమె కోడల్ని కాబట్టి నేను వదిన, ఇందులో వింతేముంది, ఇంటింటా ఉన్నదేగా అని ఇన్నేళ్ళూ అనుకున్నాను, అబద్ధం, చిన్నప్పుడు వాడు పరుగెత్తుకొచ్చి నన్ను దాటి ఆమె ఒళ్ళో పడ్డ ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది.

వృద్ధుల్ని ప్రశ్నలడిగి రమ్మన్నారు కాలేజీలో, పొద్దున అత్తయ్యనే అడిగాను, మళ్ళీ బతికితే ఏం మార్చుకుంటారు అని, పోయే వయసులో పలక పట్టావటే, అని వెక్కిరించి, రొట్టె టీలో నానబెట్టుకుంటూ, ఏముందే, చలి, గొర్రెలు, మీ మామ తాగుడు, అన్నీ బాగానే ఉన్నాయి, ఎర్మెక్‌ని నీ దగ్గర్నుంచి తెచ్చుకున్న ఏడే నీ మొహం చూడలేకపోయేదాన్ని, అడిగితే ఇచ్చేద్దామనుకున్నా, నువ్వడగలేదు, అంది, అడగలేదా, కోడలు నోరెత్తి అడుగుతుందా అత్తయ్యా, తలవంచి టీ పోయమని నేర్పింది మీరే కదా, అనలేదు, ఇంకో కప్పు పోశాను.

పసివాణ్ణి ఎత్తుకున్నాను, ఎర్మెక్ చెవులే, అమ్మా అంటాడు వీడు, నన్నే, ఆ పిలుపు కోసం ఎంత అల్లాడాను, కానీ అది ఎర్మెక్ నోట వినాలని కదా, వీడి నోట విన్నా ఆ దాహం తీరేనా, బిష్కెక్ తీసుకెళ్ళు వదినా, మంచి బడిలో వేద్దువుగాని, అంటున్నాడు ఎర్మెక్, చోల్పోన్ అప్పుడే లేచి పిల్లాడి బట్టలు మూట కడుతోంది, ఎవరూ చెప్పకుండానే, చిన్న టోపీ మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, తల ఎత్తదు, ఈ పిల్ల అడగదు, చచ్చినా అడగదు, అడిగేదాకా ఆగితే అత్తయ్యలాగే నేనూ వీణ్ణి ఎప్పటికీ తిరిగి ఇవ్వలేను.